ఐపీ పెట్టే ఆలోచన ఉన్నవారు మూడు కోట్ల ఇల్లు కొంటే ఆ డబ్బు ఎవరిది?

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక ఆదివారం ఆస్తుల పేజీలో వచ్చిన ఒక ప్రశ్న, దానికి ఇచ్చిన జవాబు చదివాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. చెన్నైలో బట్టల వ్యాపారం చేస్తున్న ఒక పాఠకుడు అడిగారు. వ్యాపారం దెబ్బతిందట, అప్పులు పెరిగాయట, ఏడాదిలోపు ఐపీ, అంటే కోర్టులో దివాలా పిటిషన్, పెట్టక తప్పేలా లేదట. సిబిల్ స్కోరు మాత్రం ఇంకా బాగుంది కాబట్టి, అది పడిపోకముందే సముద్రం వెంట పోయే ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) వైపు మూడు కోట్ల విల్లా ఒకటి తీసుకోవచ్చా అని ఆయన సందేహం. జవాబిచ్చినవారు లోన్ ఎంతవరకు వస్తుంది, భార్యను కో-అప్లికెంట్‌గా పెడితే అర్హత ఎంత పెరుగుతుంది అన్నంతవరకే చెప్పి ఊరుకున్నారు. ఆయనకు సరుకిచ్చి డబ్బు కోసం ఎదురుచూస్తున్నవాళ్ల గురించి ఒక్క ముక్క లేదు. ఆ ఎదురుచూసేవాళ్లలో నేనూ ఒకదాన్ని. ఆయనకు కాదు, అలాంటి మరొకరికి సరుకిచ్చాను.

పాత వాషర్‌మెన్‌పేటలో లంగాలు, నైటీలు కుట్టించే చిన్న యూనిట్ నాది. ఈరోడ్ నుంచి పాప్లిన్ తానులు తెప్పించి, ఇక్కడ కత్తిరించి, ఆడవాళ్లకు పీసు రేటుకు కుట్టడానికి ఇస్తాం. తెలుగువాళ్లూ ఉన్నారు, తమిళవాళ్లూ ఉన్నారు. శనివారం సాయంత్రానికి వాళ్ల చేతిలో కూలి పడాలి. షాపులవాళ్లు మాకు డబ్బిచ్చేది నెలకో, రెండు నెలలకో. ఈలోపు బండి మా సొంత డబ్బుతోనో, తాకట్టు పెట్టిన గొలుసుతోనో నడవాలి. ఈ బజారులో అందరి సంగతీ ఇంతే. ఉద్దెర లేకుండా ఇక్కడ వ్యాపారం సాగదు.

ముందు ఆ పాఠకుడి లెక్కే చూద్దాం. 75 లక్షలు దాటిన ఇంటి లోన్లకు, ఇంటి విలువలో 75 శాతానికి మించి బ్యాంకులు ఇవ్వకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధన. అంటే మూడు కోట్ల ఇంటికి రెండు కోట్ల పాతిక లక్షలు బ్యాంకు ఇస్తే, 75 లక్షలు ఆయన తేవాలి. కట్టి ఉన్న ఇల్లు కొంటే తమిళనాడులో స్టాంపు డ్యూటీ 7 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 2 శాతం, రెండూ కలిపి 27 లక్షలు. అది లోన్‌లో రాదు. మొత్తం కోటీ రెండు లక్షలు చేతిలోంచి పెట్టాలి. ఐపీ పెట్టాలనుకుంటున్న మనిషి చేతిలో కోటీ రెండు లక్షలు ఎక్కడివి? దుకాణంలో సరుకు అమ్మగా వచ్చినవే. ఆ సరుకు తాలూకు బిల్లులు మా దగ్గర, ఈరోడ్‌వాళ్ల దగ్గర, సూరత్‌వాళ్ల దగ్గర కట్టకుండా పడి ఉంటాయి.

ఆ తర్వాత కిస్తీ. ఎనిమిదిన్నర శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు అనుకుంటే నెలకు సుమారు లక్షా 95 వేలు. మొదటి ఏడాది కట్టే 23 లక్షల పైచిలుకులో దాదాపు 19 లక్షలు వడ్డీకే పోతాయి, అసలు నాలుగున్నర లక్షలు కూడా తగ్గదు. ఏడాదికే ఐపీ పెట్టి కిస్తీ ఆపేస్తే ఆ ఇంట్లో ఆయనకు మిగిలేదేమిటి? మూడు నెలలు కిస్తీ అందకపోతే బ్యాంకు దాన్ని మొండి బాకీగా రాస్తుంది. 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు ఇచ్చి, ఇంటిని స్వాధీనం చేసుకుని వేలం వేస్తుంది. ఐపీ పెట్టానని చూపిస్తే తనఖా పెట్టుకున్న బ్యాంకు ఆగదు. దాని హక్కు దానిదే. వేలంలో వచ్చింది ముందు బ్యాంకుకు పోతుంది. స్టాంపు డ్యూటీ కింద ప్రభుత్వానికి కట్టింది తిరిగి రాదు. కో-అప్లికెంట్‌గా సంతకం పెట్టిన భార్యను ఆయన ఐపీ కాపాడదు, కోర్టు ఆయన్ని అప్పుల నుంచి విడుదల చేసినా పక్కన సంతకం చేసినవాళ్ల బాధ్యత అలాగే ఉంటుంది. మీ పేజీలో "అర్హత పెరుగుతుంది" అని రాసిన చోటే ఈ మాట కూడా రాసి ఉండాల్సింది. ఇల్లు పోయాక ఆ ఇల్లాలి జీతం మీదకు, ఆమె పేరున ఉన్న డిపాజిట్ల మీదకు వస్తారు.

ఇప్పుడు నా సంగతి. మా దగ్గర ఏళ్ల తరబడి సరుకు తీసుకున్న ఒక షాపు యజమాని, దీపావళికి ముందు ఎప్పుడూ లేనంత ఆర్డరు ఇచ్చారు. పాత బాకీ ఉంది కదా అంటే, "పండగ కానీ అక్కా, మొత్తం ఒక్కసారే సర్దేస్తాను" అన్నారు. రాత్రి పదకొండింటిదాకా ఓవర్‌లాక్ మిషన్లు ఆపకుండా కుట్టించి పంపాం. పండగ అయింది. ఇచ్చిన చెక్కు వెనక్కొచ్చింది. అదే నెలలో ఆయన గృహప్రవేశం కార్డు వచ్చింది. వెళ్లాను. హాలంతా ఇటాలియన్ మార్బుల్, వంటింట్లో పొగ గొట్టం కూడా కనబడని మాడ్యులర్ కిచెన్. పైఅంతస్తులో బాల్కనీలోంచి సముద్రం కనిపిస్తుంది. ఆయన భార్య నా చేయి పట్టుకుని ఇల్లంతా తిప్పి చూపించింది, పసుపు కుంకుమలు ఇచ్చి పంపింది. ఆ పిల్లకు ఏమీ తెలియదని నేను ఇప్పటికీ నమ్ముతున్నాను.

తర్వాతి వేసవిలో ఆయన లాయరు దగ్గర్నుంచి నోటీసు వచ్చింది. దాంతోపాటు అప్పులవాళ్ల జాబితా. ముందు బ్యాంకు. తర్వాత పెద్ద పార్టీలు. ఆ తర్వాత మాలాంటివాళ్లు. నా పేరు ఎదుట 6,40,000. కిందికి పోయేకొద్దీ గుండీలు, జిప్పులు ఇచ్చిన ఆయన, మూటలు మోసిన ట్రైసైకిల్ మనిషి, చివరి పేజీలో దుకాణానికి రోజూ టీ పంపిన కొట్టు. టీ కొట్టు ఎదుట 11,300. సముద్రం కనిపించే ఇల్లు కొన్న ఏడాదిలో టీ డబ్బు కూడా ఇవ్వలేదు. ఆ పేజీ చూశాక నాకు నా డబ్బు కన్నా ఆ 11,300 ఎక్కువ బాధ కలిగించింది. ఆ టీ కొట్టాయన కోర్టుకు ఎక్కడ వెళ్తాడు, ఏ లాయర్ని పెట్టుకుంటాడు?

ఆ నోటీసు తర్వాతే నేను చట్టం గురించి అడిగి తెలుసుకోవడం మొదలుపెట్టాను. మా వీధిలో రిటైరైన ఒక కోర్టు ఉద్యోగి ఓపిగ్గా వివరించారు. చెన్నై నగరంలో మామూలు మనుషుల ఐపీలు ఇప్పటికీ 1909 నాటి ప్రెసిడెన్సీ పట్టణాల దివాలా చట్టం కిందే మద్రాసు హైకోర్టులో నడుస్తాయి. అప్పు 500 రూపాయలుంటే చాలు, ఐపీ పెట్టవచ్చని అందులో ఉంది. అంకెలు పాతబడ్డాయి కానీ చట్టం గుడ్డిది కాదు. ఐపీకి ముందు రెండేళ్లలోపు ఊరికే రాసిచ్చిన ఆస్తులను, అంటే భార్య పేరుకో బావమరిది పేరుకో మార్చినవాటిని, ఐపీ పెట్టినవారి ఆస్తులు చూసే కోర్టు అధికారి, అఫీషియల్ అసైనీ అంటారు, వెనక్కి తీసుకోవచ్చు. పిటిషన్‌కు ముందు మూడు నెలల్లో, మిగతావాళ్లను వదిలి ఒకరికి కావాలని కట్టిన డబ్బునూ ప్రశ్నించవచ్చు. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటుంది. తీర్చగలననే నమ్మకానికి ఆధారం లేకుండా అప్పు చేసినా, తాహతుకు మించిన విలాసంతో దివాలా తెచ్చుకున్నా, అప్పుల నుంచి విడుదల ఇవ్వకుండా కోర్టు ఆపవచ్చు. నమ్మకానికి కారణం ఉందని చూపించుకోవలసిన భారం అప్పు చేసినవాడి మీదే. మోసంతో చేసిన అప్పయితే, విడుదల వచ్చినా ఆ అప్పు పోదు.

ఏడాదిలో ఐపీ పెడతానని తెలిసి, మూడు కోట్ల ఇంటికి లోన్ పత్రాల మీద సంతకం పెట్టేవారు ఏ నమ్మకాన్ని చూపిస్తారు? మీ పాఠకుడు ఆ ఉద్దేశాన్ని పత్రికకే రాసి పంపారు. కోర్టులో ఎవరైనా అడిగితే ఆయన ఏం చెబుతారో ఆలోచించుకోవాలి.

అమెరికాలో ఇలా చేస్తారట కదా అని మన బంధువుల్లో కొందరంటారు. మా మరిది కొడుకు అక్కడే ఉంటాడు, వాణ్ణి అడిగాను. ఫ్లోరిడా, టెక్సాస్ లాంటి రాష్ట్రాల్లో సొంతంగా ఉంటున్న ఇంటికి, దాని విలువ ఎంతైనా, అప్పులవాళ్ల నుంచి రక్షణ ఉంది. స్థలం విస్తీర్ణానికే పరిమితి. కొందరు దాన్ని వాడుకుని, దివాలాకు ముందు పెద్ద ఇళ్లు కొని కూర్చునేవారట. అందుకని 2005లో వాళ్ల పార్లమెంటు చట్టం మార్చింది. దివాలా పిటిషన్‌కు ముందు 1,215 రోజుల లోపు సంపాదించిన ఇంటికైతే ఆ రక్షణకు డాలర్లలో గరిష్ఠ పరిమితి పెట్టింది. తనఖా పెట్టుకున్న బ్యాంకు మాత్రం అక్కడా ఊరుకోదు. మనకు అలాంటి ఇంటి రక్షణే లేదు. చెన్నైలో వ్యాపారి ఇల్లు అప్పుల కిందికి వచ్చే ఆస్తే.

ఐపీ పెట్టినవాళ్లందరినీ ఒక గాటన కట్టడం నా ఉద్దేశం కాదు. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుఫాను నీళ్లు వ్యాసర్‌పాడి గోడౌన్లలోకి వచ్చినప్పుడు, మాకు తెలిసిన ఒక పెద్దాయన సరుకంతా నానిపోయింది. తడిసిన తానులు ఎండలో పరిచినా రంగులు ఒకదానికొకటి అంటుకుని పనికిరాకుండా పోయాయి. ఆయన మమ్మల్నందరినీ పిలిచి, పుస్తకాలు ముందు పెట్టి, ఉన్న ఇల్లు అమ్మేసి రూపాయికి అరవై పైసల చొప్పున పంచారు. ముందు పనివాళ్ల జీతాలు, తర్వాత మేము. ఎవరూ కేసు వేయలేదు. ఇప్పుడు తండయార్‌పేటలో చిన్న అద్దె ఇంట్లో ఉంటూ మళ్లీ వ్యాపారం చేస్తున్నారు, నేనే ఆయనకు ఉద్దెర ఇస్తున్నాను. అంత మర్యాదగా బాకీ తీర్చిన మనిషికి ఇవ్వక ఎవరికిస్తాం?

చట్టంలోనూ దీనికి దారి ఉంది. ఐపీ తర్వాత కూడా అప్పులవాళ్ల ముందు రాజీ ప్రతిపాదన పెట్టవచ్చు. బాకీ రుజువు చేసుకున్నవాళ్లలో సంఖ్యలో సగం మందికి పైగా, విలువలో నాలుగింట మూడు వంతుల వాళ్లు ఒప్పుకుంటే కోర్టు దాన్ని పరిశీలిస్తుంది. మీ పాఠకుడి దగ్గర నిజంగా కోటి రూపాయలు ఉంటే, ఆ డబ్బుతో అలాంటి రాజీ కుదుర్చుకోవచ్చు. కుదిరితే ఐపీ దాకా పోనే అక్కర్లేదేమో. విల్లా కోసం చూసే బ్రోకరు ఆయనకు ఈ మాట చెప్పడు.

బ్యాంకులవారినీ ఒకటి అడగాలి. సిబిల్ స్కోరులో మా బాకీలు కనబడవు. ఉద్దెర, చేబదులు, చీటీల డబ్బు ఏవీ అందులోకి ఎక్కవు. అందుకే లోపల కూలిపోతున్న వ్యాపారి స్కోరు పైకి నిగనిగలాడుతూ ఉంటుంది. వ్యాపారికి రెండు కోట్లిచ్చే ముందు, సరుకిచ్చినవాళ్లకు ఆయన ఎంత బాకీ ఉన్నారు, అందులో ఆరు నెలలు దాటింది ఎంత అని ఆడిటర్ సంతకంతో ఒక కాగితం అడిగితే బ్యాంకుకూ మంచిదే. వాళ్లకూ మొండి బాకీ తప్పుతుంది.

ఇక ప్రభుత్వం. 2016లో కొత్త దివాలా చట్టం తెచ్చి కంపెనీలకు అమలు చేశారు. కంపెనీల అప్పులకు హామీ సంతకం పెట్టిన వ్యక్తులకు 2019 డిసెంబర్ 1 నుంచి అమలు చేశారు. దుకాణదారులు, సామాన్యుల భాగం మాత్రం కాగితం మీదే ఉండిపోయింది. దాన్ని అమలు చేసేటప్పుడు, వేలం తర్వాత మిగిలిన డబ్బులో టీ కొట్టు, ట్రైసైకిల్ మనిషి లాంటి చిన్న బాకీలకు ముందు చోటు ఇవ్వాలని నా విన్నపం. ఆ పదకొండు వేల కోసం వాళ్లు హైకోర్టు చుట్టూ తిరగలేరు.

తోటి సప్లయర్లకు కూడా చెబుతున్నాను. నోటీసు వస్తే చించి పారేయకండి, ఇంట్లో కూర్చుని తిట్టుకోకండి. బిల్లులు, డెలివరీ చలాన్లు, వెనక్కొచ్చిన చెక్కు తీసుకుని అఫీషియల్ అసైనీ దగ్గర మీ బాకీ రుజువు చేసుకోండి. అప్పుల నుంచి విడుదల కోసం ఐపీ పెట్టినాయన దరఖాస్తు చేసుకున్నప్పుడు అభ్యంతరం చెప్పే హక్కు మనకుంది. మా జాబితాలో ఉన్నవాళ్లలో కొందరం కలిసి ఒకే లాయర్ని పెట్టుకున్నాం. టీ కొట్టాయన కాగితాలు కూడా మాతోపాటే వేయించాం.

మీ ఆస్తుల పేజీలో ఆ జవాబును వచ్చే ఆదివారం పూర్తి చేసి వేయమని కోరుతున్నాను. ఆ పాఠకుడు ఇంకా అడ్వాన్సు ఇచ్చి ఉండకపోవచ్చు.

ఇట్లు,
ఒక కుట్టు యూనిట్ యజమానురాలు,
పాత వాషర్‌మెన్‌పేట, చెన్నై – 21