ఈ ఏడాది మన కుమ్మరి సంఘం చేసిన పని: సభ్యులకు వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్తే. జమా ఖర్చుల కాగితం విడిగా ఇస్తున్నాం, ఏ సందేహం ఉన్నా సర్వసభ్య సమావేశంలో అడగండి. ఈ ఏడాది మన డబ్బు, టైమ్ రెండూ ఎక్కువగా ఒకే పనికి పోయాయి కాబట్టి నేను దాని గురించే ఎక్కువ రాస్తున్నాను. మన వాడకట్టులో డెబ్బై దాటిన పెద్దాయన దగ్గర ముగ్గురు పిల్లలను పని నేర్చుకోవడానికి కూర్చోబెట్టాం.

ఆయన దగ్గరే ఎందుకంటే, సారె (కుమ్మరి చక్రం) మీద మట్టి లేపడం వచ్చినవాళ్లు మనలో ఇంకా ఉన్నారు, కరెంటు సారెలు వచ్చాక అది కొంత సులువైంది కూడా. కానీ నీళ్ల కుండకు గుండ్రటి అడుగు సారె మీద రాదు. సారె మీద నుంచి దింపినప్పుడు కుండకు అడుగు ఉండదు, గోడ మందంగా ఉంటుంది. దాన్ని నీడలో కాస్త ఆరనిచ్చి, లోపల ఒక చేత్తో రాయి ఆనించి బయట చెక్కతో కొడుతూ తిప్పుకుంటూ పోతే మట్టి పలచబడి, సాగి, అడుగు మూసుకుంటుంది. పచ్చిగా ఉండగా కొడితే కుంగిపోతుంది, ఎక్కువ ఆరితే పగులుతుంది. పెద్దాయన ఇప్పుడు భుజం నొప్పితో ఎక్కువసేపు కొట్టలేరు, కుర్చీలో కూర్చుని వింటారు, అంతే. చప్పుడును బట్టే గోడ ఎక్కడ మందంగా మిగిలిందో చెప్పేస్తారు. నేను పక్కనే నిలబడి చాలాసార్లు విన్నాను, నాకు మాత్రం ఆ తేడా తెలియలేదు.

ఆయన మొదట ఒప్పుకోలేదు. "నా కొడుకులనే ఈ పని వద్దని పంపించిన, మంది పిల్లలను ఏ మొఖంతోని కూసోబెట్టుకోవాలె బిడ్డా" అన్నారు. ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. అందుకే నేర్చుకునే రోజులకు కూడా పిల్లలకు కూలి ఇవ్వాలని, ఆయనకు నెలనెలా కొంత ఇవ్వాలని కమిటీ తీర్మానం చేసింది. అప్పుడు సరేనన్నారు. చేతివృత్తుల వాళ్లకు కేంద్ర ప్రభుత్వం పెట్టిన పీఎం విశ్వకర్మ పథకం ఉంది కదా అని కొందరు సభ్యులు అడిగారు. 2023 సెప్టెంబర్ 17న మొదలైన ఆ పథకంలోని 18 వృత్తుల్లో మనదీ ఉంది. శిక్షణ రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15,000 రూపాయలు, 5 శాతం వడ్డీకి అప్పు ఇస్తారు. అర్హత ఉన్నవాళ్లు తప్పకుండా పేరు రాయించుకోండి, ఫారం నింపడానికి మేం సాయం చేస్తాం. కానీ అందులో మొదటి శిక్షణ 5 నుంచి 7 రోజులే, కుండ కొట్టడం వారంలో వచ్చే పని కాదు.

ముగ్గురిలో ఒకరు అమ్మాయి. మన ఇళ్లలో ఆడవాళ్లు మట్టి దంచారు, జల్లెడ పట్టారు, తొక్కారు, కుండలు సంతకు మోశారు, సారె మాత్రం ముట్టనివ్వలేదు. ఇద్దరు ముగ్గురు పెద్దలు ఈసారీ అభ్యంతరం చెప్పారు. రామాయణం రాసిన ఆతుకూరి మొల్లను మన ఇంటి ఆడబిడ్డ అని ఏటా దండ వేసి చెప్పుకుంటున్నాం, అలాంటప్పుడు ఈ పిల్లను ఆపడానికి మనకు ఏం హక్కుంది? ఇది నా సొంత మాట, కమిటీది కాదు. మొల్ల జయంతి నాడు ఫోటో ముందు పెట్టిన కుండ ఆ అమ్మాయి చేసిందే, చాలామందికి అప్పుడు చెప్పలేదు.

ఒక తప్పు కూడా చెప్పాలి. ఉగాది అమ్మకాలకు అందించాలని మేమే తొందరపెట్టి మొదటి ఆవం (కుండలు కాల్చే బట్టీ) వేయించాం. పెద్దాయన ఇంకా రెండు రోజులు ఆరాలన్నారు, వినలేదు. లోపల తడి మిగిలిన కుండ వేడికి ఆవిరి తన్ని పగులుతుంది, అందుకే ముందు సన్నటి సెగ పెట్టి తర్వాత మంట పెంచుతారు. ఎంత సన్నగా పెట్టినా ఆ రోజు సగానికి పైగా పోయాయి. పిల్లలు రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. ఆయన ఒక్క మాట అనకుండా ఆ పెంకులను దంచి, జల్లించి, కొత్త మట్టిలో కొంచెం కలిపించారు, అలా కలిపితే మట్టి పగుళ్లు తక్కువ ఇస్తుందట. రెండో ఆవం బాగా దిగింది.

చెరువు మట్టి కోసం ఒక ఆఫీసు చుట్టూ నాలుగుసార్లు తిరిగాం, ఇంకా కాగితం రాలేదు. ప్రస్తుతానికి ఒక రైతు తన పొలం గట్టు పక్కన తవ్వుకోనిస్తున్నాడు.

అమ్మకాల సంగతికొస్తే, ఎండాకాలం కుండలు వాటంతట అవే పోయాయి, బోనాలకు అడిగినన్ని ఇవ్వలేకపోయాం. బాధేమిటంటే మన సభ్యుల ఇళ్లలోనే రెండు పెళ్లిళ్లకు, తంతులో పెట్టే ఐరేని కుండలు పట్నం దుకాణం నుంచి తెచ్చారు. దయచేసి పెళ్లి ఖాయం కాగానే చెప్పండి, ఆరడానికి, కాల్చడానికి పిల్లలకు కనీసం నెల కావాలి.

వచ్చే ఏడాదికి ఇంకో ఇద్దరిని తీసుకోవాలని ఉంది. పెద్దాయన మాత్రం ఒక్కటే అడిగారు, ఆరబెట్టే కొట్టం మీద రేకులు వానలు పడకముందే వేయించమని. దానికి చందా ఎంత వేసుకోవాలో సమావేశంలో తేల్చుదాం, రాలేనివాళ్లు ముందే ఫోన్ చేసి మీ మాట చెప్పండి.

మీ కార్యదర్శి