గాయకబృందం నేర్చుకుంటున్న బాఖ్ కోరల్ గురించి

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారములు.

డిసెంబరు కార్యక్రమం కోసం మన గాయకబృందం జర్మన్ స్వరకర్త యోహాన్ సెబాస్టియన్ బాఖ్ రచించిన 140వ సంఖ్య కాంటాటా (గొంతులకూ వాద్యాలకూ కలిపి కూర్చిన, పలు భాగాల సంగీత రచన)లోని రెండు భాగాలను అభ్యసిస్తున్నది. పిల్లలు ఇంట్లో ‘వాఖెట్ ఔఫ్’ అంటూ పదేపదే పాడుతున్నారనీ, అదేమిటో వివరించమనీ కొందరు అడిగినందున ఈ నెల లేఖను ఆ విషయానికే కేటాయిస్తున్నాను.

ఆ మాటలకు ‘మేల్కొనండి’ అని అర్థం. వాటితో మొదలయ్యే కోరల్, అంటే చర్చిలో పాడే కీర్తన, ఈ కాంటాటాకు ఆధారం. ఆ కీర్తనకు మాటలూ బాణీ రెండూ సమకూర్చినవారు ఫిలిప్ నికోలాయ్ అనే జర్మన్ పాస్టరు. గుంటూరులో లూథరన్ మిషన్ 1842 నాటిది గనుక ఆ సంఘం పేరు మనకు కొత్త కాదు; నికోలాయ్ గారిది కూడా అదే సంఘం. ఊన్నా పట్టణంలో ప్లేగు చెలరేగి, ఎందరికో అంత్యక్రియలు జరిపించవలసి వచ్చిన రోజుల్లో ఆయన రాసిన పుస్తకంలో ఇది 1599లో అచ్చయింది. మత్తయి సువార్తలో పెండ్లికుమారుని కోసం ఎదురుచూసే పదిమంది కన్యకల ఉపమానం దీనికి ఆధారం. మన మేలుకొలుపులు దేవుణ్ణి నిద్రలేపుతాయి. ఇక్కడ మాత్రం పెండ్లికుమారుడు వస్తున్నాడని బురుజు మీది కావలివారు అర్ధరాత్రి ఊరిని లేపుతారు. తొలి మూడు స్వరాలు స, గ, ప కావడంతో శంకరాభరణం తెలిసిన పిల్లలకు బాణీ వెంటనే పట్టుబడింది.

బాఖ్ ఈ కాంటాటాను 1731 నవంబరు 25న లైప్‌జిగ్‌లో తొలిసారి వినిపించారు. ఆయన అక్కడి సెయింట్ థామస్ పాఠశాలలో ఉద్యోగి, పాడినవారు ఆ బడి పిల్లలు. అంతకు ముందటి ఏడాది ఆగస్టులో నగరపాలక మండలికి రాసిన విన్నపంలో ఆయన తన 54 మంది విద్యార్థులను లెక్కగట్టి, 17 మంది పనికివస్తారనీ, 20 మంది ఇంకా తయారు కావాలనీ, తక్కిన 17 మంది సంగీతానికి పనికిరారనీ తేల్చారు. ఉపాధ్యాయులు అటువంటి జాబితా రాయడం నాకు సమ్మతం కాదు గాని, చేతిలో ఉన్న ఆ పిల్లలతోనే పదిహేను నెలల తరువాత ఇంతటి రచనను పాడించారన్నది కాదనలేను.

మనం ఎంచుకున్న నాలుగవ భాగం వినడానికి తేలిక, పాడడానికి కష్టం. వయొలిన్లు, వయోలాలు కలిసి ఒకే వరుసను హాయిగా వాయిస్తూ పోతుంటే, టెనర్లు (మగ గొంతుల్లో పై స్థాయివారు) కీర్తనను నిదానంగా, దీర్ఘ స్వరాలలో పాడాలి. వాద్యాల వాక్యం ముగిసిన తావునే గొంతు ఎత్తుకోవాలనుకుంటే తప్పుతుంది, ఎందుకంటే బాఖ్ ఆ రెండింటినీ వేరువేరు చోట్ల మొదలుపెట్టి, వేరువేరు చోట్ల ముగించారు. గొంతు మారిన పదో తరగతి అబ్బాయిలు ఇప్పుడు మాత్రలు లెక్కపెట్టుకుంటూ దానితోనే కుస్తీ పడుతున్నారు. చివరిదైన ఏడవ భాగాన్ని నాలుగు గొంతులతో బృందమంతా పాడుతుంది.

ఇందులో పాల్గొనడం పూర్తిగా పిల్లల ఇష్టం. ఆల్టో (మధ్య స్థాయి), బాస్ (అన్నిటికన్నా కింది స్థాయి) వరుసలవారు ఇంట్లో సాధన చేసేటప్పుడు అది అసలు బాణీలా వినిపించదు. దయచేసి వారిని సరిదిద్దవద్దు, వారి వరుస అదే.

భవదీయ,
ప్రధానోపాధ్యాయిని