ఇంజన్ తుక్కుకు పోయినా దాని పుస్తకం దాచండి: రైల్వే మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర రైల్వే శాఖ మంత్రి గారికి,

విషయం: కండెమ్ (ఇక పనికిరాదని సర్వీసు నుంచి తీసేయడం) అవుతున్న పాత డీజిల్ ఇంజన్ల రికార్డుల గురించి.

నమస్కారమండి. నేను బెంగళూరు కృష్ణరాజపురంలో ఉండే తెలుగువాణ్ణి. సొంతూరు గుంతకల్లు వైపు. కడుపు నింపేది ఒక మామూలు ఉద్యోగం, సెలవు రోజులన్నీ తినేసేది రైలింజన్ల ఫోటోలు. ఫిల్ము కెమెరా కాలం నుంచీ తీస్తున్నాను. వాటిలో ఎక్కువ భాగం డీజిల్ ఇంజన్లవే, అందులోనూ ఆల్కోలవే (అమెరికాలోని ఆల్కో కంపెనీ డిజైన్‌తో వచ్చిన ఇంజన్లు).

పాత ఇంజన్లన్నిటినీ కాపాడమని ఈ ఉత్తరం రాయడం లేదు. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇలాంటి వినతి వెళ్లగానే "మ్యూజియంలో చోటు లేదు" అనే జవాబు రెడీగా ఉంటుంది. కరెంటు లైన్లు వేయడం మీద కూడా నాకు పేచీ లేదు. దిగుమతి చేసుకున్న చమురు తగలేసి బండ్లు నడపడం కంటే కరెంటు మీద నడపడం దేశానికి లాభమే. నేనడిగేది ఒక్కటే. ఇంజన్‌ను కోసి అమ్మేయండి, దాని చరిత్ర రాసి ఉన్న పుస్తకాన్ని మాత్రం అమ్మకండి, పారేయకండి. అందులో ఉన్నది జనం చూసేలా పెట్టండి.

ఎందుకడుగుతున్నానో చెప్పాలంటే నా ఫోటోల దగ్గరికి రావాలి.

మాకళిదుర్గ మీకు తెలిసే ఉంటుంది. దొడ్డబళ్లాపుర దాటాక కొండల మధ్య మెలికలు తిరిగే లైను. హిందూపురం వైపు నుంచి బెంగళూరుకు వచ్చే బండి అక్కడ ఎత్తు ఎక్కాలి. బండి కనిపించక ముందే చప్పుడు వినిపించేది. పదహారు సిలిండర్ల ఆల్కో ఇంజన్ బరువు మీద పడ్డప్పుడు చేసే ఆ దడదడ మిగతా ఏ ఇంజనుకూ రాదు. తర్వాత వచ్చిన ఈఎండీలు (ఇంకో అమెరికా కంపెనీ డిజైన్ ఇంజన్లు) టూ స్ట్రోక్‌వి, వాటిది ఒకటే హోరు. (ఈఎండీ అభిమానులు నన్ను క్షమించాలి. మాలో ఈ గొడవ ఇప్పట్లో తెగేది కాదు.) ఆ మలుపులో గుత్తి షెడ్ (ఇంజన్లను ఉంచి మరమ్మతు చేసే చోటు) వాళ్ల డబ్ల్యూడీఎం–2 రకం ఆల్కో ఒకటి నల్లటి పొగ కక్కుతూ వస్తుంటే తీసిన ఫోటో నా దగ్గరుంది. ఆ పొగ చూసి "ఇంజన్ పాడైపోయింది" అనుకునేవాళ్లు. పాడైపోయి కాదు. డ్రైవర్ నాచ్ (వేగం పెంచే మీట మెట్టు) పెంచగానే ఇంధనాన్ని అదుపు చేసే గవర్నర్ డీజిల్ ఎక్కువ పంపేస్తుంది, ఇంజన్‌లోకి గాలిని నెట్టే టర్బో మాత్రం ఆ వేగం అందుకోవడానికి కొంచెం సమయం తీసుకుంటుంది. ఆలోగా గాలి చాలక సగం కాలిన డీజిలే ఆ నల్ల పొగ. టర్బో అందుకోగానే పొగ పలచబడుతుంది.

ఆ ఇంజన్ నంబరు ఫోటోలో స్పష్టంగా కనిపిస్తుంది. క్యాబ్ మీద షెడ్ పేరు, కింద ఆఖరి ఓవర్‌హాల్ తేదీ కూడా చదవొచ్చు. అది ఇప్పుడేమైందో మాత్రం నాకు తెలియదు. తుక్కుకు పోయిందని ఒక మిత్రుడు అంటాడు. పటియాలాలో తిరిగి కట్టి నంబరు చివర "ఆర్" తగిలించి పంపారని ఇంకొకరు అంటారు. ఇద్దరి మాటా నమ్మేలాగే ఉంటుంది. పటియాలా వర్క్‌షాప్‌లో 2,600 హార్స్‌పవర్ డబ్ల్యూడీఎం–2లను విప్పి 3,100 హార్స్‌పవర్ డబ్ల్యూడీఎం–3ఏలుగా మార్చిన మాట నిజమే. అలా మారినవాటిలో ఇది ఉందా లేదా అన్నది బయట ఉన్న మనిషికి తేలేది కాదు.

అసలు ఈ డబ్ల్యూడీఎం–2 అంటే చిన్న సంగతి కాదు. 1962లో అమెరికాలోని ఆల్కో కంపెనీ నుంచి మొదటివి వచ్చాయి. 1964 జనవరిలో వారణాసి డీజిల్ లోకోమోటివ్ వర్క్స్‌లో మన చేతులతో తయారైన తొలి ఇంజన్‌ను లాల్ బహదూర్ శాస్త్రి గారు జాతికి అంకితం చేశారు. 1969లో ఆల్కో కంపెనీయే మూతపడింది. మనవాళ్లు మాత్రం ఆ డిజైన్‌ను వదల్లేదు. దాన్నే పట్టుకుని, మార్చుకుంటూ, బలం పెంచుకుంటూ ఆ తర్వాత దశాబ్దాల పాటు ఇంజన్లు కడుతూ పోయారు. ఒక్క డబ్ల్యూడీఎం–2 రకమే రెండున్నర వేలకు పైగా తయారైంది. మెయిల్, గూడ్స్, ప్యాసింజర్ ఏది తగిలించినా లాగింది. బ్రాడ్‌గేజ్ మీద ఆవిరి ఇంజన్ల శకం 1995లో ముగిసిందంటే ఆ పని చేసి పెట్టిన వాటిలో ముందు నిలబడేది ఇదే. పుట్టింట్లో ఆగిపోయిన డిజైన్ ఇక్కడ ఇంత కాలం బతికిందన్నది మన ఇంజనీర్ల గొప్ప. దాన్ని చెప్పే ఆధారాలు ఎక్కడున్నాయని అడిగితే, షెడ్లలోని అలమరాల్లో.

ప్రతి ఇంజనుకూ షెడ్‌లో ఒక హిస్టరీ బుక్ ఉంటుంది. ఎప్పుడు వచ్చింది, ఏ షెడ్ నుంచి ఏ షెడ్‌కి మారింది, ఏ టర్బో పోయింది, చక్రాలు తిప్పే ఏ ట్రాక్షన్ మోటార్ కాలింది, ఎప్పుడు వర్క్‌షాప్‌కి వెళ్లింది అన్నీ అందులో ఎక్కుతాయి. షెడ్ పద్ధతి తెలిసినవాళ్లకి దీని విలువ తెలుసు. ఒక ఇంజన్ ఆగిపోతే దాని మోటార్ తీసి ఇంకోదానికి, దీని బోగీ (ఇంజన్ కింది చక్రాల చట్రం) తీసి మరోదానికి వేస్తారు. ముప్పై ఏళ్లు తిరిగిన ఇంజన్‌లో వారణాసి నుంచి వచ్చినప్పటి భాగాలు ఎన్ని మిగిలి ఉంటాయో చెప్పలేం. ఇంజన్ ఇది అని చెప్పడానికి మిగిలేవి బాడీ మీది నంబరు, ఈ పుస్తకం. కండెమ్ చేసి వేలం వేశాక నంబరు గ్యాస్ కటర్ కింద పోతుంది. పుస్తకం ఏమవుతుంది?

ఈ ప్రశ్నే నేను సమాచార హక్కు చట్టం కింద అడిగాను. ఏ కార్యాలయమో చెప్పను, అక్కడి ఉద్యోగుల మీద నాకు కోపం లేదు. కొన్ని నంబర్లు రాసి, అవి ఎప్పుడు కండెమ్ అయ్యాయి, ఎక్కడ కోశారు అని అడిగితే, ఇంజన్లు డిస్పోజ్ అయినందున రికార్డు అందుబాటులో లేదని వచ్చింది. అంటే ఇంజన్‌తో పాటు కాగితమూ తుక్కే. అయ్యా, 1993 నాటి పబ్లిక్ రికార్డ్స్ చట్టం ప్రభుత్వ రికార్డులను ఎవరికి తోచినట్టు వాళ్లు నాశనం చేయకూడదనే చెబుతుంది కదా? ఒక్కో ఇంజన్‌లోని 112 టన్నుల పైచిలుకు ఇనుముకు కిలోతో సహా లెక్క రాసుకునే శాఖ, అర అంగుళం మందం పుస్తకానికి లెక్క చెప్పలేకపోవడం నాకు వింతగా అనిపించింది.

ఇంజన్లకు పట్టిన గతి అన్నిటికీ ఒకేలా లేదు కాబట్టే ఈ పట్టు పడుతున్నాను. కొన్ని దేశం దాటాయి. 2020లో పది, 2023లో ఇరవై బ్రాడ్‌గేజ్ డీజిల్ ఇంజన్లను బంగ్లాదేశ్‌కి మనమే ఇచ్చాం. 1990లలో డబ్ల్యూడీఎం–2లు శ్రీలంకకు వెళ్లి అక్కడ ఎం–8 అనే పేరుతో తిరిగాయి. మీటర్‌గేజ్ వైడీఎం–4లు మయన్మార్ దాకా వెళ్లాయి. మన దగ్గర మీటర్‌గేజ్ పోయాక వాటిలో చాలావాటికి పని లేకుండా పోయింది, అయినా కూనూరు నుంచి ఊటీ వెళ్లే కొండ బండిని ఆ రకం ఇంజన్లే లాగుతూ వచ్చాయి. సెలవులకు వెళ్లి కిటికీలోంచి తేయాకు తోటల ఫోటోలు తీసుకునే మన బెంగళూరు జనంలో ఎంతమంది ఆ ఇంజన్ వైపు చూసి ఉంటారో నాకు అనుమానమే. వారణాసిలో 2018లో రెండు డబ్ల్యూడీజీ–3ఏ డీజిల్ ఇంజన్లను కలిపి ఏకంగా 10,000 హార్స్‌పవర్ ఎలక్ట్రిక్ ఇంజనుగా మార్చారు. దాన్ని చూపిస్తే మా అబ్బాయి "ఇది ఇప్పుడు డీజిల్ కిందికి వస్తుందా, కరెంటు కిందికి వస్తుందా నాన్నా?" అన్నాడు. నేను ఏ ఆల్బమ్‌లో పెట్టాలో తేల్చుకోలేక రెండింట్లోనూ పెట్టాను.

ఆవిరి ఇంజన్ల విషయంలో మన శాఖ కొంత మేలుగానే చేసింది. ఢిల్లీ జాతీయ రైలు మ్యూజియం ఉంది, రేవాడీలో ఆవిరి ఇంజన్లను నడిచే స్థితిలో ఉంచే షెడ్ ఉంది. మైసూరు మ్యూజియం 1979 నుంచీ ఉంది. ఊరికొక స్టేషన్ ముందు దిమ్మె మీద ఆవిరి ఇంజనో, చిన్న గేజు ఇంజనో కనిపిస్తుంది. డీజిళ్ల వంతు వచ్చేసరికి ఆ శ్రద్ధ పలచబడింది. అమెరికా నుంచి వచ్చిన మొదటి డబ్ల్యూడీఎం–2, నంబరు 18040, ఢిల్లీ మ్యూజియంలో ఉంది. 1969లో తొలి రాజధాని ఎక్స్‌ప్రెస్‌ను లాగిన డబ్ల్యూడీఎం–4 రకానిది కూడా అక్కడే ఒకటి ఉంది. మంచిదే. కానీ మ్యూజియంలోవి కదలవు, అరవవు, పొగ కక్కవు. ఆల్కోను చూడటం సగమే, మిగతా సగం వినడం. అందుకే రెండో మాటగా ఇంకొకటి అడుగుతున్నాను, కుదిరితేనే: దక్షిణాదిలో ఒక్క ఆల్కోను నడిచే స్థితిలో ఉంచండి. గుత్తి అయినా సరే, మా కృష్ణరాజపురం అయినా సరే. ఆ ఇంజన్ల కిందికి దూరి పనిచేసిన ఫిట్టర్లు ఈ రెండు షెడ్ల చుట్టుపక్కల చాలామంది ఉన్నారు. చప్పుడు విని ఏ సిలిండర్ సరిగా కొట్టడం లేదో చెప్పగలిగినవాళ్లు. వాళ్లు రిటైరైపోతున్నారు. ఇంకో పదేళ్లాగి మొదలుపెడితే నేర్పేవాళ్లు దొరకరు.

అది ఖర్చుతో కూడిన పని, తెలుసు. మొదటిది మాత్రం ఖర్చు లేని పని. కండెమ్ చేసే ప్రతి ఇంజనుకూ వేలానికి ముందే నాలుగు పనులు చేయమని షెడ్లకు ఒక సర్క్యులర్ ఇస్తే చాలు. హిస్టరీ బుక్‌ను స్కాన్ చేయాలి. నంబరు, తయారైన ఏడాది, పనిచేసిన షెడ్లు, ఆఖరి గతి, వీటితో ఒక వరుస అందరూ చూడగలిగే జాబితాలో చేర్చాలి. తయారీ ప్లేటును ఊడదీసి జోన్ మ్యూజియానికి పంపాలి. నాలుగు వైపుల నుంచీ ఒక్కో ఫోటో తీయాలి. ఇప్పటికే పోయినవాటికి మిగిలిన పుస్తకాలు ఏ బీరువాలో ఉన్నాయో ఒకసారి వెతికించండి. చాలా షెడ్లు ఇప్పుడు ఎలక్ట్రిక్ ఇంజన్లను చూసుకోవడం మొదలుపెట్టాయి, పాత గదులు ఖాళీ చేస్తున్నారు. తొందరంతా అందుకే.

మా లాంటి వాళ్ల గురించి కూడా ఒక మాట. ప్లాట్‌ఫారం చివర కెమెరాతో నిలబడితే ఒక స్టేషన్‌లో సిబ్బంది టీ ఇచ్చి మాట్లాడతారు, ఇంకో స్టేషన్‌లో కెమెరా లాక్కోబోతారు. భద్రత ముఖ్యమే. పట్టాల మధ్య నిలబడి సెల్ఫీలు దిగేవాళ్లను ఆపాల్సిందే, వాళ్ల వల్లే మాకూ చెడ్డపేరు. కానీ అమ్ముకోవడానికి కాకుండా ప్లాట్‌ఫారం మీద నిలబడి ఇంజన్ ఫోటో తీసుకోవచ్చా లేదా అన్నది అన్ని స్టేషన్లలో ఒకేలా ఉండేట్టు, అందరికీ అర్థమయ్యే భాషల్లో ఒక బోర్డు పెట్టిస్తే మాకు ఈ టెన్షన్ తప్పుతుంది. మీ దగ్గర లేని రికార్డు కొంత మా హార్డ్ డిస్కుల్లో ఉంది. ఫలానా నంబరు ఫలానా రోజున ఫలానా షెడ్ పేరుతో ఫలానా లైను మీద ఉందని చెప్పగలిగేవి చాలా సందర్భాల్లో ఈ ఫోటోలే.

ఆ జాబితా మొదలుపెడితే నా నెగెటివ్‌లు, డిజిటల్ ఫైళ్లు అన్నీ ఉచితంగా ఇస్తాను. నాకు తెలిసిన మరికొందరు కూడా ఇస్తామంటున్నారు. ఫోటో కింద మా పేర్లు వేయనక్కర్లేదు. ఇంజన్ నంబరు తప్పులేకుండా వేస్తే చాలు. ఫైళ్లు ఎక్కడికి పంపాలో, ఎవరిని కలవాలో బెంగళూరు డివిజన్ కార్యాలయం ద్వారా తెలియజేయగలరు.

ఇట్లు,
కృష్ణరాజపురం, బెంగళూరు నుంచి
ఒక రైలు అభిమాని