గుడ్డలు లెక్కపెట్టుకో, చిన్నీ

చి. సౌ. చిన్నికి,

అమ్మ ఆశీస్సులు. నిన్న రాత్రి "నా పాలు వీడికి చాలడం లేదేమో అమ్మా" అని నువ్వు ఏడ్చిన దగ్గరి నుంచి నాకు కుదురు లేదు. నాన్న కంటి ఆపరేషన్ కాకపోయి ఉంటే ఈపాటికి నీ పక్కనే ఉండేదాన్ని.

పుట్టినప్పుడు 2.9 కిలోలు ఉన్నవాడు తొమ్మిదో రోజున 2.8 ఉన్నాడని బెంగపడకు. పసిబిడ్డలు మొదట కాస్త తగ్గి, రెండు వారాలకల్లా మళ్లీ పుట్టిన బరువుకు వస్తారు. గుడ్డలు ఆరేయడానికి బాల్కనీ చాలడం లేదని నువ్వే అన్నావు కదా! రోజుకు ఆరుకు తగ్గకుండా తడుపుతున్నాడంటే కడుపు నిండుతున్నట్టే. సాయంత్రమైతే వదలకుండా తాగుతున్నాడన్నావు, తాగనీ. ఈ వయసులో రోజుకు 8 నుంచి 12 సార్లు తాగుతారు. చెలమలో తోడినకొద్దీ నీరు ఊరినట్టే పాలూ ఊరుతాయి. ఎవరో అన్నారని డబ్బా పాలు మొదలుపెడితే ఆ ఊట తగ్గుతుంది.

నువ్వు పుట్టినప్పుడు మీ నాయనమ్మ నా ముర్రుపాలు ఇత్తడి గిన్నెలోకి పిండించి పారబోయించారు. మూడు రోజులు నీకు పంచదార నీళ్లే పట్టారు. ఆవిడకు తెలిసింది అంతే, నాకు ఎదురు చెప్పడం తెలియలేదు. రోగాలను ఆపే శక్తి ఆ పసుపుపచ్చని పాలలోనే ఉందని తరువాత తెలిసింది. ఆ ఇత్తడి గిన్నె గుర్తొస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. పుట్టిన గంటలోపే నువ్వు వాడికి పాలు పట్టిన ఫోటో ఎన్నిసార్లు చూసుకున్నానో!

నొప్పి అంటున్నావు. చనుమొన ఒక్కటే నోట్లో పెడితే పగుళ్లు వస్తాయి. వాడు నోరు బాగా తెరిచేదాకా ఆగి, చుట్టూ ఉన్న నల్లని భాగం కూడా చాలావరకు నోట్లోకి వెళ్లేలా దగ్గరికి తీసుకో. గడ్డం రొమ్ముకు ఆనాలి. సరిగ్గా పడితే గుటక చప్పుడు వినిపిస్తుంది. నొప్పిగా ఉంటే లాగేయకుండా, పెదవి మూల నుంచి చిటికెన వేలు పెట్టి విడిపించి మళ్లీ పట్టించు.

బాలింత నీళ్లు తాగకూడదంటే వినకు, దాహమైనప్పుడల్లా తాగు. రొమ్ము గట్టిపడి ఎర్రబడి జ్వరం వచ్చినా, వాడు మగతగా ఉండి తాగకపోయినా, తడిపే గుడ్డలు తగ్గినా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లు. నా కోసం ఆగొద్దు.

ఆదివారం పొద్దున్నే దిగుతాను. వెల్లుల్లి కారం, సున్నుండలు తెస్తున్నాను. ఆ పూట వాడికి పాలిచ్చి నా ఒళ్లో పెట్టి నువ్వు పడుకో.

మీ అమ్మ