మా వీధి అమ్మమ్మలకూ నానమ్మలకూ మనసారా కృతజ్ఞతలు

సొంత అమ్మమ్మలు, నానమ్మలు ఎక్కడో ఊళ్లలో ఉండిపోయిన మా పసివాళ్లకు మీరే ఆ వరస అయ్యారు. రోజూ పొద్దున్నే వచ్చి లాలపోశారు, మాకూ నేర్పారు. వీధిలో కొత్తగా తల్లిదండ్రులైన మా అందరి తరఫునా మీకు నమస్కారాలు. మీరు చూపించిన పద్ధతిని కూడా ఇక్కడ రాస్తున్నాం. బిడ్డను కాళ్ల మీద వేసుకోవాలంటే చేతులు వణికే ఇంకో ఇంటివాళ్లకు పనికొస్తుందని ఆశ.

బొడ్డు ఊడి, ఆ చోటు ఆరేదాకా తడిగుడ్డతో తుడవడమే. బొడ్డుకు పసుపు, నూనె ఏదీ రాయకూడదు. నీళ్లు పోయడం ఆ తర్వాతే. పాలు తాగి అరగంటైనా కావాలి. కడుపు నిండా ఉన్నప్పుడు బోర్లా వేస్తే కక్కేస్తారు. నీళ్లు పోసే ముందు ఒంటికి రాయడానికి రెండు చెంచాల నువ్వుల నూనో కొబ్బరి నూనో చాలు. ఆ గిన్నెను వేడినీళ్లలో పెట్టి గోరువెచ్చగా చేస్తారు గానీ పొయ్యి మీద పెట్టరు. నూనె ఎంత కాగిందో చూపుకు తెలియదు మరి.

నీళ్లు కలిపేటప్పుడు బకెట్లో ముందు చన్నీళ్లు, తర్వాతే వేన్నీళ్లు. వేడి చూడటానికి అరచేయి సరిపోదు, పనులు చేసి చేసి కాయలు కాసి ఉంటుంది. మోచేయి ముంచితే సరిగ్గా తెలుస్తుంది. పీట మీద కూర్చుని, వీపు గోడకు ఆనించి, కాళ్లు చాపి దగ్గరగా పెట్టుకోవాలి. బిడ్డ తల మన పాదాల వైపు, బిడ్డ కాళ్లు మన పొట్ట వైపు. అలా పడుకుంటే బిడ్డ కళ్లు నీళ్లు పోసే మనిషి ముఖం మీదే ఉంటాయి.

మీరు నేర్పినవాటిలో అన్నిటికన్నా విలువైనది ఇది: మాటలు చెప్పకుండా చెంబు ఎత్తకూడదు. పుట్టిన మొదటి నాలుగైదు నెలలు బిడ్డలు ఊరికే ఉలిక్కిపడతారు. నీళ్లు ఒక్కసారిగా మీద పడితే చేతులు విదిల్చి ఏడుస్తారు. అందుకే ఎడమచెయ్యి రొమ్ము మీద ఆనించి, "ఇదిగో నీళ్లొస్తున్నాయి నాన్నా, పొట్ట మీద పోస్తున్నానే" అంటూ ముందు కాళ్ల మీద, తర్వాత పొట్ట మీద పోస్తారు. తలకు చివర్లోనే. రోజూ అదే గొంతు, అదే చెయ్యి, అదే వరస. కొన్నాళ్లకు గొంతు వినపడగానే బిగబట్టిన పిడికిళ్లు వదులవుతాయి. మనవడికీ అమ్మమ్మకూ చనువు మాటలు రాకముందే ఇక్కడ మొదలవుతుందని మేము నమ్ముతున్నాం.

మెడ మడతలు విప్పి కడగడం మాకెవరికీ తోచని పని. గడ్డం కింద కారిన పాలు ఆ మడతలో చేరి పులుస్తాయి. ఎర్రగా ఒరుసుకుపోతుంది, వాసన వస్తుంది. తల కాస్త వెనక్కి వాల్చి, వేలికి మెత్తటి నూలుగుడ్డ చుట్టి, మడత లోపలిదాకా తుడిచి, తడి లేకుండా ఆరనివ్వాలి. చంకలు, గజ్జలు కూడా అంతే. అందుకు ఉతికి ఉతికి మెత్తబడిన పాత నూలు చీర ముక్కలను మించినవి లేవు.

మీ పెద్దమనసు ఇంకోచోట చూశాం. పాత అలవాట్లలో కొన్ని వద్దని ఆశా కార్యకర్త చెప్పినప్పుడు మీరు నొచ్చుకోలేదు, కారణం అడిగి తెలుసుకున్నారు. ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు మానేశారు, ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి పోతుంది కాబట్టి. పుట్టినప్పుడు ఉబ్బి ఉండే రొమ్ములు పిండితే చీము పట్టొచ్చు, వదిలేస్తే వాటంతటవే తగ్గుతాయి. నూగు పోవాలని పిండితో రుద్దనక్కర్లేదు, అదీ దానంతటదే రాలుతుంది. మాడు మీద నూనె అద్దితే చాలు, నొక్కకూడదు. సాంబ్రాణి పొగ ఆపేశారు. కాటుక కంటికి కాకుండా దిష్టిచుక్కగా అరికాలికి చేరింది.

ఆరు నెలలు నిండాక ఉగ్గు. అప్పటిదాకా తల్లిపాలే, మంచినీళ్లు కూడా వద్దు. నాలుగు పాళ్లు బియ్యం, ఒక పాలు పెసరపప్పు కడిగి, నీడలో ఆరబెట్టి, విడివిడిగా దోరగా వేయించి సన్నటి రవ్వ పట్టాలి. కలిపి వేయిస్తే పప్పు ముందు మాడుతుంది. వేడినీళ్లలో రవ్వ పోస్తే ఉండలు కడుతుంది, చన్నీళ్లలో కలిపాకే పొయ్యెక్కించాలి. చెంచా వంచితే జారిపోకుండా నిలవాలి. పలచగా చేస్తే పొట్ట నిండుతుంది గానీ బలం చాలదు. దించాక అరచెంచా నెయ్యి. మొదట్లో పూటకు రెండు మూడు చెంచాలు, రోజుకు రెండు మూడుసార్లు. ఏడాది నిండేదాకా ఉప్పు, పంచదార, తేనె వద్దు. తేనె నాలిక్కి రాయడం కూడా ప్రమాదమే. ఉమ్మేస్తే కోప్పడకుండా మర్నాడు మళ్లీ పెట్టమని, తినిపించేటప్పుడు ఫోను పక్కన పెట్టి బిడ్డ ముఖం చూడమని మీరన్న మాట మా ఇళ్లన్నిటిలో ఇప్పుడు నియమమైంది.

నీళ్లు పోయడం అయ్యాక చివరి చెంబు చుట్టూ తిప్పి "శ్రీరామరక్ష" అని మీరు దీవించిన బిడ్డలందరి తరఫునా దణ్ణాలు. కింద కూర్చుని లేవడం మీ మోకాళ్లకు ఎంత కష్టమో చూస్తూనే ఉన్నాం. అందుకే ఎత్తు పీటలు చేయించాం, పట్టుకుని లేవడానికి స్నానాల గదుల్లో గోడకు కడ్డీలు బిగించాం. ఇకనుంచి మీరు పక్కన కూర్చుని చెబితే చాలు, బిడ్డను కాళ్ల మీద వేసుకునేది మేమే. వచ్చే నెలలో ఇంకో రెండిళ్లలో కాన్పులున్నాయి. ఎవరికి ఏ పూట వీలవుతుందో ఒక్కమాట చెప్పండి, ఇంటికొచ్చి మేమే తీసుకెళ్తాం.