జిప్సీ ఉన్నవాళ్లకు: బ్రేక్ కిట్లు వెనక్కి తీసుకుంటున్నాం, చౌక పార్ట్స్ లెక్క మార్చుకున్నాం

మా దగ్గర మారుతీ సుజుకీ జిప్సీ సామాన్లు కొనేవాళ్లందరికీ నమస్కారం. విజయవాడ ఆటోనగర్‌లో మా షాపు మీకు తెలిసిందే. కొత్త సరుకు వచ్చిందని చెప్పడానికి రాయడం లేదు. మా వల్ల ఒక తప్పు జరిగింది. దాన్ని సరిదిద్దే పనిలో ఉన్నాం, అందుకు మీ సాయం కావాలి.

2025 జూన్ నుంచి ఆగస్టు దాకా మా షాపులో జిప్సీ వెనక బ్రేకుల వీల్ సిలిండర్ రబ్బరు కిట్ (చక్రం దగ్గర బ్రేకుని నొక్కే చిన్న సిలిండర్‌లో వేసే రబ్బరు కప్పుల సెట్టు) కొన్నారా? అది కంపెనీ పేరేమీ లేని పసుపు అట్టపెట్టెలో వచ్చిందా? అయితే ముందు బండి పక్కన పెట్టండి. ఆ కిట్ మార్చేదాకా ఘాట్ రోడ్డు ఎక్కకండి, పిల్లల్ని ఎక్కించుకోకండి. మిగతా సంగతులు తర్వాత చదవొచ్చు, ముందు ఫోన్ చేయండి.

జరిగింది ఇదీ. ఆగస్టు చివర్లో పాడేరు వైపు నుంచి ఒకాయన ఫోన్ చేశారు. కాఫీ తోటకి ఎరువులైనా కూలీలైనా ఆయన 2003 మోడల్ జిప్సీలోనే వెళ్లాలి. "అన్నా, రెండు రోజులుగా వెనక ఎడమ చక్రం పట్టేసినట్టు వేడెక్కుతోంది. ఇవాళ పొద్దున పెడల్ తొక్కితే కింద దాకా పోయింది" అన్నారు. ఆ మాట వినగానే నాకు ఒళ్లంతా చెమటలు పట్టాయి. ఆయన రోజూ దిగే మలుపులు నేను చూశాను. ఇంటి ముందు బండి తిప్పుతుండగానే తెలిసింది కాబట్టి సరిపోయింది.

అక్కడి మెకానిక్ డ్రమ్ విప్పి వీడియో పంపారు. లైనర్లు, అంటే డ్రమ్‌కి రాసుకుని చక్రాన్ని ఆపే పట్టీలు, బ్రేక్ ఆయిల్‌తో తడిసి నల్లగా మెరుస్తున్నాయి. సిలిండర్‌లోంచి తీసిన రబ్బరు కప్పు రాత్రంతా నానిన శనగగింజలా ఉబ్బి ఉంది, అంచు ఒక పక్క చిరిగింది. ఆ కప్పు నేను అమ్మిందే. బిగించి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు.

ఆ రోజే షాపులో మిగిలిన కిట్ ఒకటి విప్పి, కప్పుని వెర్నియర్‌తో కొలిచి, పచ్చడి సీసాలో డాట్ 3 బ్రేక్ ఆయిల్ పోసి అందులో వేశాను. పక్కనే ఇంకో సీసాలో పేరున్న కంపెనీ కప్పు వేశాను. ఐదు రోజుల తర్వాత తీసి చూస్తే నా కప్పు ఒకటిన్నర మిల్లీమీటర్లు లావెక్కింది, వేలితో నొక్కితే మెత్తగా జారుతోంది. రెండోదాంట్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆ రెండు సీసాలూ కౌంటర్ మీదే ఉంచాను, వచ్చినవాళ్లు చూడొచ్చు.

కారణం రబ్బరు రకం. మనం ఆయిల్ అని పిలుస్తాం గానీ డాట్ 3 బ్రేక్ ఆయిల్ ఇంజిన్ ఆయిల్ లాంటిది కాదు, అది గ్లైకాల్ రకం. దానికి ఈపీడీఎం గానీ ఎస్‌బీఆర్ గానీ, ఆ జాతి రబ్బరే వాడాలి. ఇంజిన్ ఆయిల్‌కి బాగా పనికొచ్చే నైట్రైల్ రబ్బరు బ్రేక్ ఆయిల్‌లో ఉబ్బుతుంది. ఈపీడీఎం సంగతి దానికి తలకిందులు, బ్రేక్ ఆయిల్‌లో బాగుంటుంది, ఇంజిన్ ఆయిల్ తగిలితే పాడవుతుంది. కంటికి రెండూ నల్లటి రబ్బరే, చేత్తో పట్టుకున్నా తేడా తెలీదు. ఉబ్బిన కప్పు ముందు సిలిండర్‌లో బిగుసుకుని చక్రాన్ని పట్టేస్తుంది. ఆ తర్వాత అంచు చిరిగి ఆయిల్ కారుతుంది. పాడేరు ఆయన చెప్పింది సరిగ్గా ఈ వరసలోనే.

సరుకు ఇచ్చిన సప్లయర్ పేరు ఇక్కడ రాయను. ఆయన దగ్గర కొనాలని అనుకున్నది నేనే. కిట్ మీద 110 రూపాయలు తగ్గుతుందన్నారు. సైజు కొలిచాను, సరిపోయింది, తెచ్చేశాను. ఏ రబ్బరని అడగలేదు. అడగాల్సింది.

మొత్తం 46 కిట్లు అమ్మాం. బిల్లుల్లో ఫోన్ నంబర్లున్న 31 మందితో మాట్లాడి మార్చాం. మిగతా 15 బిల్లుల మీద పేరు తప్ప ఏమీ లేదు, అందుకే ఇలా అందరికీ రాస్తున్నాను. కొత్త కిట్, బ్రేక్ ఆయిల్ మావి. మీ ఊళ్లో బిగించుకుంటే మెకానిక్ కూలీ ఎంతయిందో చెప్పండి, పంపిస్తాం. లైనర్లు ఆయిల్‌కి తడిస్తే వాటిని కడిగి మళ్లీ వాడొద్దు, అవి కూడా మేమే ఇస్తాం. బిల్లు లేకపోయినా ఫర్వాలేదు. ఆ పసుపు పెట్టె గానీ పాత కప్పు గానీ ఫోటో తీసి పంపితే చాలు.

ఇకనుంచి బ్రేకులు, స్టీరింగ్‌కి సంబంధించి పేరూ నంబరూ లేని సరుకు మా షాపులో ఉండదు. టై రాడ్ ఎండ్లు, కింగ్ పిన్ బేరింగులు, బ్రేక్ గొట్టాలు, ప్యాడ్లు, లైనర్లు, కిట్లు అన్నీ ఇందులోకే వస్తాయి. ధర పెరిగిందని అడిగితే ఈ సీసాలు చూపిస్తాను.

అయితే చౌక పార్ట్స్ వెతకడం మానేస్తున్నామని కాదు. జిప్సీ తయారీ 2019లోనే ఆగింది. మీలో చాలామంది బండ్లు పదిహేనేళ్లు దాటి, రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకుని నడుస్తున్నవి. ప్రతి చిన్న వస్తువుకీ పెద్ద ధర పెట్టమంటే బండి తుక్కుకే పోతుంది. అది నాకు ఇష్టం లేదు. మా నాన్న ఈ షాపు పెట్టిన కొత్తలో తిరిగిన 970 సీసీ పాత జిప్సీ బండ్లు ఇప్పటికీ రెండు మూడు మా దగ్గరికి వస్తుంటాయి.

సైజే తేల్చేసే వస్తువులు చాలా ఉన్నాయి. అన్నిటికన్నా తేలిక బేరింగులు. మొన్న ఒకాయన ఆల్టర్నేటర్ అరుస్తోందని వచ్చారు. బయట ఎవరో మొత్తం ఆల్టర్నేటర్ మార్చాలన్నారట. విప్పి, బేరింగ్ అంచు మీద జిడ్డు కిరోసిన్‌తో తుడిస్తే 6203 అని కనిపించింది. ఆ నంబరు ఏ కారుకీ సొంతం కాదు. లోపలి రంధ్రం 17 మిల్లీమీటర్లు, బయట 40, మందం 12. ప్రపంచంలో ఎవరు చేసినా 6203 అంటే అదే కొలత. వెనక 2ఆర్ఎస్ అని ఉంటే రెండు వైపులా రబ్బరు మూత, జడ్‌జడ్ అని ఉంటే రేకు మూత. సీ3 అని ఉంటే లోపల కాస్త వదులు ఎక్కువని. ఈ తోక అక్షరాలు కూడా పాతదానివే ఉండేలా చూసుకోవాలి. ఎన్‌బీసీదో ఎస్‌కేఎఫ్‌దో బేరింగ్ రెండొందల లోపే వచ్చింది, ఆయన ఆల్టర్నేటర్ ఖర్చు తప్పింది. "జిప్సీ బేరింగ్ కావాలి" అని అడిగితే ఒక ధర, "6203 కావాలి" అని అడిగితే ఒక ధర చెప్పే కొట్లు నాకు తెలుసు. మా కొట్లో నంబరు పెట్టే అడగండి.

సుజుకీ పార్ట్ నంబరు చదవడం కూడా కాస్త నేర్చుకుంటే మీకే లాభం. మొదటి ఐదంకెలు అది ఏ వస్తువో చెబుతాయి, 16510 అంటే ఆయిల్ ఫిల్టర్. తర్వాతి భాగం ఏ మోడల్‌దో చెబుతుంది. 09తో మొదలయ్యేవి బోల్టులు, సీళ్లు, బేరింగుల్లాంటి మామూలు సామాన్లు. ఆయిల్ సీల్ నంబరు 09283 అయితే దాని తర్వాతి రెండంకెలు లోపలి వ్యాసం. సీల్ మీద కూడా మూడు కొలతలు అచ్చు వేసి ఉంటాయి: లోపల, బయట, మందం. ఆ మూడూ కుదిరాక, అది ఏ ఆయిల్‌లో, ఎంత వేడిలో తిరుగుతుందో చూస్తాం. ఈ రెండో ప్రశ్న ఇప్పుడు ప్రతి రబ్బరు వస్తువుకీ అడుగుతున్నాం.

ఇంజిన్ సంగతికొస్తే 2000 నుంచి వచ్చిన 16 వాల్వుల ఎంపీఎఫ్ఐ (కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు పంపే) జిప్సీ కింగ్ ఉన్నవాళ్లు అదృష్టవంతులు. ఆ జీ13బీబీ ఇంజిన్ మారుతీ పాత కార్లు ఎస్టీమ్‌లోనూ వెర్సాలోనూ ఉంది. రింగులు, వాల్వులు, టైమింగ్ బెల్టు లాంటివాటికి ఎస్టీమ్ సరుకు నంబరు సరిచూసుకుని వేసుకోవచ్చు, అది ఇప్పటికీ బాగానే దొరుకుతుంది. కానీ ఎస్టీమ్‌లో ఇంజిన్ అడ్డంగా కూర్చుంటుంది, జిప్సీలో నిలువుగా. అందుకే సంపు, మానిఫోల్డు, ఇంజిన్ మౌంటింగులు ఎస్టీమ్‌వి తెచ్చుకుని డబ్బు పోగొట్టుకోవద్దు. 1996 కింగ్ కార్బురేటర్ బండికి 8 వాల్వులే, దాని హెడ్ సామాను వేరు. ఫోన్‌లో అడిగేటప్పుడు సంవత్సరంతో పాటు కార్బురేటరా ఎంపీఎఫ్ఐయా చెప్పండి, సగం పొరపాట్లు అక్కడే ఆగుతాయి.

ఇరుసు షాఫ్టులు అడిగేవాళ్లు ఇంకోటి చెప్పాలి. 1993లో బండి ట్రాక్ వెడల్పు పెంచారు, దానికి ముందు షాఫ్టు పొట్టి. సెకండ్ హ్యాండ్‌లో కొన్న బండి అయితే కాగితాల్లో సంవత్సరం నమ్మకండి, మధ్యలో ఎవరు ఏ ఇరుసు మార్చారో మనకు తెలీదు. టేపు పెట్టి కొలిచి ఫోటో పంపండి.

విదేశాల్లో ఉన్న మనవాళ్లు కొందరు అక్కడి సుజుకీ సామురాయ్ పార్ట్స్ పంపిస్తామంటున్నారు. చాలా సంతోషం, రెండూ ఒకే కుటుంబం బండ్లు. కమాన్ బుష్‌లు, నకిల్ సీళ్లు కొలత చూసుకుని వాడుకోవచ్చు. ఇంజిన్ వైపు నుంచి ఇరుసుకి తిప్పుడు అందించే ప్రొపెల్లర్ షాఫ్టు మాత్రం తెప్పించకండి. అక్కడ ఎక్కువగా తిరిగే పొట్టి సామురాయ్ వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 2030 మిల్లీమీటర్లు, మన జిప్సీది 2375. షాఫ్టు చివరి క్రాస్ జాయింట్లు అయితే కప్పు వ్యాసం, మొత్తం పొడవు కలిస్తే ఇక్కడే చౌకగా దొరుకుతాయి, షాఫ్టు మొత్తం మార్చే పని ఉండదు. 2023లో వచ్చిన కొత్త జిమ్నీ సామాన్ల మీద కూడా ఆశ పెట్టుకోకండి. దాని ఇంజిన్ వేరు, దానికి కాయిల్ స్ప్రింగులు, మనకు కమాన్ కట్టలు.

మిలిటరీ వేలంలో వచ్చిందని చెప్పి బయట అమ్మే సామానులో నేను ఇకనుంచి రెండు రకాలే తీసుకుంటాను: ఇనుప వస్తువులు, గేర్లు. గోడౌన్‌లో పదేళ్లు పడి ఉన్న రబ్బరు, కొత్త ప్యాకెట్‌లో ఉన్నా నాకు వద్దు.

ధరల గురించి ఒక్క మాట. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఆటో పార్ట్స్ అన్నిటి మీదా జీఎస్టీ 18 శాతం అయింది, అంతకుముందు చాలావాటి మీద 28 ఉండేది. ఆ తేడా మీ బిల్లులో పూర్తిగా తగ్గించాం. పాత స్టాకు మీద కూడా తగ్గించే ఇస్తున్నాం.

ట్రాన్స్‌ఫర్ కేస్ (గేర్‌బాక్సు నుంచి ముందు, వెనక ఇరుసులకి తిప్పుడు పంచే పెట్టె) కింద పెట్టే రబ్బరు మౌంటింగుల కోసం తొమ్మిది మంది ఎదురుచూస్తున్నారని నాకు గుర్తుంది. ఒక తయారీదారు శాంపిల్ ఇచ్చారు, సైజు సరిగ్గా ఉంది. కానీ అక్కడ గేర్ ఆయిల్ చెమ్మ, సైలెన్సర్ వేడి రెండూ తగులుతాయి. రంపచోడవరంలో ఒక కస్టమర్ బండికి బిగించి మారేడుమిల్లి దారిలో తిప్పిస్తున్నాం, పక్కన ఇంకో ముక్క గేర్ ఆయిల్ సీసాలో నానుతోంది. సంక్రాంతి తర్వాత రెండూ విప్పి చూసి, నిలబడితేనే మీకు ఫోన్ చేస్తాను. అప్పటిదాకా అడ్వాన్సులు పంపకండి. ఇప్పటికే పంపినవాళ్లవి ఈ వారంలో తిరిగి వేసేస్తున్నాం.