తల్లుల గది స్లాబ్ కోసం మన సంఘ బిడ్డలందరికీ విజ్ఞప్తి

ప్రభువు నామంలో అందరికీ వందనాలు. ఒంగోల్లో ఉన్నా, హైదరాబాద్‌లో ఉన్నా, గల్ఫ్‌లో ఉన్నా, మన చర్చి గంట విని పెరిగిన ప్రతి ఒక్కరికీ కమిటీ తరఫున రాస్తున్నాం. కాన్పుకొచ్చే తల్లులు తలదాచుకోడానికి పాస్టరు గారి ఇంటి వెనక మొదలుపెట్టిన తల్లుల గది గోడల దాకా లేచి ఆగిపోయింది. సెంట్రింగ్ రేకులు అద్దెకి తెచ్చి పెట్టాం, ఈ నెల 25 లోపు స్లాబ్ పడకపోతే మేస్త్రి వేరే పనికి పోతానని ఖరాఖండిగా చెప్పేశాడు, మళ్ళీ సంక్రాంతి దాటితే గానీ దొరకడంట.

ఈ గది ఎందుకమ్మా, ముందు మైకు సెట్టు మార్చండి, కాంపౌండ్ గోడ కట్టండి అంటున్నారు కొందరు. అవీ కావాలి, కాదనట్లేదు. కానీ నేను ఏఎన్ఎంగా చేసి రిటైరైన దాన్ని, నా నోరు ఊరుకోదు. నెలలు నిండిన పిల్ల పల్లె నుంచి వచ్చి, ఇంకా నొప్పులు రాలేదు రేపు రమ్మంటే తిరిగిపోవడానికి ఆటో డబ్బుల్లేక ఆస్పత్రి వరండాలో బట్టల సంచి తలకింద పెట్టుకుని పడుకుంటది. పక్కన వాళ్ళమ్మ చీర కొంగుతో దోమలు తోలుతా ఉంటది. అలాంటి వాళ్ళకి రెండు మంచాలు, ఒక బాత్రూమ్, వేడినీళ్ళు, ఇంతే మనం అడిగేది. కులం అడగం, మతం అడగం.

మన పెద్దలు చేసింది ఇదే కదా. 1876-78 ధాతు కరువులో అమెరికా నుంచి వచ్చిన బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని మన తాతముత్తాతలకి కూలి ఇప్పించి బ్రతికించారు. ఆ కరువు పనులు జరిగినన్నాళ్ళూ బాప్తిస్మం ఇవ్వలేదు, కూడు కోసం కలిశారనే మాట రాకూడదని. ప్రాణం నిలబెట్టాకే 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున దిగి 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఏటా ఈ సంగతి స్టేజీ మీద గొప్పగా చెప్పుకుంటాం కదా, మరి చెయ్యి జేబులోకి పోవాల్సినప్పుడు ఎందుకు వెనకాడతాం?

ఇంకో మాట, కోపం తెచ్చుకోవద్దు. తల్లి గర్భంలో మనల్ని నిర్మించింది దేవుడే అని చెప్పే 139వ కీర్తన మన పిల్లలకి కంఠతా వచ్చు. అయినా రెండోసారి కూడా ఆడపిల్లంటే మొహం ముడుచుకునే ఇళ్ళు మన సంఘంలో లేవా? స్కానింగ్‌లో ఆడా మగా చెప్పకూడదని 1994లోనే చట్టం వచ్చింది. గర్భం నిలుపుకోమని గట్టిగా చెప్పే మనం, మోసపోయిన పిల్ల గుమ్మం ముందుకొస్తే తలుపు దగ్గరికేసుకుంటే ఎట్లా? పెంచలేను అన్న తల్లి ఉంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేద్దాం, బాలల సంక్షేమ కమిటీ ముందు చట్టప్రకారం అప్పగించొచ్చు, ఆ తల్లి మనసు మార్చుకోడానికి రెండు నెలల టైమ్ కూడా ఉంటది. చాటుగా ఎవరికో ఇచ్చేయడం మాత్రం తప్పు, ఆ పని మన గదిలో జరగనివ్వం.

లెక్కలు చెప్పాలి కదా. మొత్తం అంచనా 4,60,000, చేతికొచ్చింది 2,85,000 చిల్లర, మిగతా వివరాలు ట్రెజరర్ అన్నని అడగండి, బిల్లులన్నీ ఆయన దగ్గరే ఉన్నాయి. స్త్రీల సమాజం పిడికెడు బియ్యం డబ్బాలు అమ్మిన డబ్బే ఇసక అయింది. కూలికి పోయే అక్కలు రోజూ అన్నం వండే ముందు తీసి పక్కన పెట్టిన బియ్యం అవి. పెళ్ళికి ఎల్ఈడీ స్క్రీన్ పెట్టిన వాళ్ళు ఒక సిమెంట్ బస్తా అయినా ఇవ్వలేరా అని అడగాలనిపిస్తది, అడిగేశాను కూడా.

అమెరికా పౌరసత్వం తీసుకున్న బిడ్డలు దయచేసి డబ్బులు పంపొద్దు, మనకి విదేశీ విరాళాలు తీసుకునే ఎఫ్‌సీఆర్ఏ అనుమతి లేదు, మీరు ప్రార్థన చెయ్యండి చాలు. ఇండియా పాస్‌పోర్టే ఉన్నవాళ్ళు మీ అకౌంట్ నుంచి పంపుకోవచ్చు. కంకర, స్టీలు, రోజు కూలి ఏ రూపంలో ఇచ్చినా సంతోషమే. ఫోన్‌పే చేసేవాళ్ళు ఇంటిపేరుతో సహా రాయండి, పోయినసారి ఒకే పేరుతో చాలామంది వేసి రసీదులు ఎవరివో తేలక ట్రెజరర్ అన్నకి తలనొప్పి అయింది. స్లాబ్ రోజు పొద్దున ఆరింటికే మొదలు, కుర్రాళ్ళు టిఫిన్ ఇక్కడే చేద్దురుగాని రండి.